ఫ్లాస్కులో మంచు

వై టూ కే కంప్యూటర్ల పనిమీద సిడ్నీ వచ్చిన మొదటి చలికాలం, స్కీయింగ్ మోజుతో మంచుకొండల బస్సెక్కాను. బూట్లు, స్కీలు అద్దెకు తీసుకోవడానికే నెలరోజులు హడావిడి పడ్డాను. పక్కసీటు హైదరాబాదీ పెద్దాయన ఒళ్లో మాత్రం ఓ ఖాళీ ఫ్లాస్కే ఉంది.

సాయంత్రం తిరుగు బస్సులో మూత తీసి చూపించారు. నిండా మంచు.

"ఇంటికెళ్లేసరికి కరిగిపోదా అంకుల్?"

"కరుగుతది బేటా. మా బేగంకు ఆయాసం, కొండకు రాలేదు. ఏటా తీస్కపోత. ఆ నీళ్లతోనే చాయ్ పెడ్తది. తాగి, ఈసారి మంచు మంచిగున్నదా లేదా చెప్తది."

తర్వాత చాలా ఏళ్లు స్కీయింగ్‌కు వెళ్లాను. మంచు ఎలా ఉందని ఎవరడిగినా మెత్తగా ఉందనో, గట్టిపడిందనో చెబుతాను. రుచి మాత్రం ఇప్పటికీ తెలీదు.