సుట్టాలమే గానీ రక్తసంబంధం లేదు

2006లో నేను వనపర్తి బస్టాండు దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, షుగర్ చూడడం, రిపోర్టు రాయడం, ఇదే పని. ఆ ఏడు హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు రకరకాల కులాల వాళ్ల రక్తం సేకరించాలి, సూది చెయ్యి కుదిరిన స్థానిక మనిషి కావాలి అంటే మా ల్యాబ్ యజమాని నన్ను అప్పగించాడు. మనుషుల డీఎన్ఏలో ఎంత తేడా ఉంది, ఎవరి పూర్వీకులు ఎవరితో కలిశారు, ఎవరు ఎన్ని తరాలుగా విడిగా ఉండిపోయారు అన్నది తేల్చడం వాళ్ల పని. నా పని మూడు మిల్లీలీటర్ల రక్తం ఈడీటీఏ ట్యూబులోకి లాగడం. దానికి ఊదా రంగు మూత ఉంటుంది, అందులోని మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తీసి, నంబరు అంటించి, ఐసు డబ్బాలో పెట్టి పంపాలి. చెప్పడానికి ఇంతే.

చేయబోతే తలప్రాణం తోకకొచ్చింది. నాగర్‌కర్నూల్ పక్క పల్లెలో ఒక రైతు రక్తమిచ్చి, షుగర్ ఎంతుందో చెప్పేదాకా నా స్కూటీ తాళం ఇవ్వలేదు. గద్వాలలో ఒక పెద్దాయన "మా పెద్దలు కాశీ నుంచి వచ్చిండ్రు, గది కాయితం మీద రాసియ్యి మేడం" అని పట్టుబట్టాడు. పక్క వీధి ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "వాళ్ల రక్తం మా రక్తం ఒక్క డబ్బల పెట్టకు" అన్నాడు. నా దగ్గర ఉన్నదే ఒక్క డబ్బా. సరేనని తలూపి, రెండూ పక్కపక్కనే పెట్టాను.

హైదరాబాద్ నుంచి అచ్చయి వచ్చిన ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: "రక్తమిచ్చిన మరెవరితోనైనా మీకు మూడు తరాల్లోపు రక్తసంబంధం ఉందా?" ఉంటే ఆ మనిషిని వదిలేయాలి. ఒకే కుటుంబంలో నలుగురి రక్తం తీస్తే ఒకే మనిషిని నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది, ఊరి సంగతి తెలియదు. నేను ప్రతి గడపలోనూ ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు చదివాను. ప్రతి గడపలోనూ "లేదు" అన్నారు. నేను "లేదు" అన్నచోట టిక్కు పెట్టుకుంటూ పోయాను.

గద్వాల నేతగాళ్ల వీధిలో ఈశ్వరమ్మ ఇంటికి వెళ్లిన రోజు బాగా గుర్తు. లోపల గుంట మగ్గం మీద ఆమె కొడుకు నర్సింహులు చీర నేస్తున్నాడు. ఈశ్వరమ్మ కోడలిని జబ్బ పట్టుకుని తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"దీని రక్తం తీయి మేడం. ఇద్దరు పిల్లలు పోయిరి దీనికి. ఆరో నెల రాంగనే మెడలు వాలేసిరి. రక్తం మంచిది కాదని కాయితం రాసియ్యి, చాలు."

కోడలి పేరు మాణెమ్మ. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. చెయ్యి చాపింది. ఇది జబ్బుల పరీక్ష కాదమ్మా, దీనికి రిపోర్టు రాదు, పేర్లు కూడా పంపం, నంబర్లే పంపుతాం అని చెప్పాను.

"రిపోర్టు ఇయ్యనికి కాకపోతే రక్తం తీసుడెందుకు?" అంది ఈశ్వరమ్మ.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వింది, తలూపింది. కొడుకును కూడా మగ్గం మీంచి లేచి రమ్మంది. భార్యాభర్తలకు రక్తసంబంధం ఉందా అని అడిగాను. "లేదు, లేదు" అని ఆమే జవాబు చెప్పింది. ఇద్దరి రక్తమూ తీసుకున్నాను.

వారం తిరగకముందే ఈశ్వరమ్మ గద్వాల బస్సెక్కి వనపర్తిలో మా ల్యాబ్‌కు వచ్చింది. "రిపోర్టొచ్చిందా?" రాదమ్మా అన్నాను. పది రోజులకు మళ్లీ వచ్చింది. అవతల పేషెంట్లు వరుసలో ఉన్నారు, ఈమె బల్ల ముందు నుంచి కదలదు. మూడోసారి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పింది.

"మా తమ్ముని బిడ్డ ఉన్నది. వాళ్లు ముహూర్తం అడుగుతుండ్రు. నా కొడుకు ఊకె నానుస్తుండు. నువ్వు కాయితం ఇస్తే దీన్ని పుట్టింటికి తోలేస్త. జర ఇయ్యి బిడ్డా, పరేషాన్ చేయకు."

నేను ఆమెను పరేషాన్ చేస్తున్నానట. మాణెమ్మ కాపురం నా సంతకం మీద ఆగి ఉందని అప్పుడు తెలిసింది. ఒళ్లు మండిపోయింది. రాయను పో అని గట్టిగానే అన్నాను. ఆమె వెళ్లేటప్పుడు కూడా "వచ్చే సోమవారం వస్త" అనే వెళ్లింది.

ఆ సోమవారం కంటే ముందు హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. పరిశోధన చూసే మేడం మెత్తగా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం కడిగేసింది. "గద్వాల శాంపిళ్లన్నీ ఒకే ఇంట్లో కూర్చుని తీశారా? ఒకరికొకరు బంధువులు కాని వాళ్లు అని రాశారు. చూస్తే సగం మంది దగ్గరి చుట్టాల్లా ఉన్నారు."

అడిగే తీశానండీ అన్నాను. ఆమె విసుగు అణుచుకుని వివరించింది. దగ్గరి బంధువుల డీఎన్ఏలో పొడుగు పొడుగు ముక్కలు ఒకేలా ఉంటాయి. బంధుత్వం దూరమయ్యేకొద్దీ ఆ ముక్కలు చిన్నవవుతాయి. తరాల తరబడి ఒకే కులంలో, అదీ కొన్ని ఇళ్ల మధ్యే పిల్లనిచ్చి పుచ్చుకుంటే, వీధి నిండా ఇళ్లున్నా వెనక్కి వెళ్తే పిడికెడు మంది తాతలే తేలతారు. ఇక్కడ అది కొంత ఉంటుందని వాళ్లకు ముందే తెలుసు. కానీ ఇంత దగ్గరితనానికి కారణం అది కాదు, మీ టిక్కులు తప్పు అంది. మళ్లీ వెళ్లి ప్రతి ఇంటికీ పెడిగ్రీ చార్ట్ గీసుకు రమ్మంది. అంటే వంశవృక్షమే. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి మధ్యలో అడ్డగీత, బంధువుల మధ్య పెళ్లయితే రెండు గీతలు, పోయినవాళ్ల మీద కొట్టివేత.

అందరి మీదా కోపంతోనే గద్వాల బస్సెక్కాను. మొదట ఈశ్వరమ్మ ఇంటికే వెళ్లాను. నన్ను చూడగానే "రిపోర్టు తెచ్చినవా?" అంది. లేదు, మీరే చెప్పాలి అని చాప మీద కూర్చుని కాగితం పరిచాను.

"మాణెమ్మ మీకు ఏమవుతుంది పెద్దమ్మా, పెళ్లికి ముందు?"

"ఏమైతది, మా మేనమామ మనవరాలు. ఐజ ఊర్ల మా అమ్మ పుట్టిల్లు. మా అమ్మ తోడబుట్టినోని బిడ్డకు బిడ్డ ఇది. ఎరికైన సంబంధమనే తెచ్చుకుంటి."

పెన్సిలు ఆగిపోయింది. "మరి ఆనాడు రక్తసంబంధం లేదంటివి కదా?"

"ఏడున్నది? రక్తసంబంధమంటే పాలోళ్లు. మాకు సావు మైల ముట్టేటోళ్లు, మా ఇంటి పేరోళ్లు. వీళ్లు సుట్టాలు. సుట్టాలకు పిల్లనియ్యకపోతే ఎవలకిస్తరు? పాలోళ్లకిస్తరా?" నా తెలివి చూసి ఆమెకే విసుగొచ్చింది. "నువ్వు సుట్టరికం అడగలే, రక్తసంబంధం అడిగినవు."

ఎవరి మీద అరవాలో తెలియలేదు. నేనేం పై దేశం దాన్ని కాదు. మాదీ వనపర్తి పక్కనే, నా పెనిమిటి మా అమ్మ తమ్ముని కొడుకు. అదే ప్రశ్న నన్నడిగినా నేనూ "లేదు" అనేదాన్నే. తండ్రి వైపుదే రక్తం, తల్లి వైపుది చుట్టరికం, ఇది మా అందరి నోళ్లలో ఉన్న మాట. డీఎన్ఏకు ఆ మాట తెలియదు. అది సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది.

నర్సింహులుకూ మాణెమ్మకూ మధ్య రెండు గీతలు గీశాను. రెండెందుకని మాణెమ్మ అడిగింది. ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. చెప్పాను. నేను డాక్టర్‌ను కాదు, మీ పిల్లలకు ఏ జబ్బో నాకు తెలియదు. కానీ కొన్ని జబ్బులు రిసెసివ్ అంటారు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే బిడ్డకు వస్తాయి. ఒక్కటే ఉన్నవాళ్లు మంచిగానే ఉంటారు, వాళ్లకు తెలియనే తెలియదు. ఒకే తాత నుంచి ఇద్దరికీ దిగితే అట్లా కలిసే అవకాశం ఎక్కువ.

"అంటే నా ఒక్కదానిదే కాదా అక్కా?"

"అట్లాంటి జబ్బే అయితే ఏ ఒక్కరిదీ కాదు. ఇద్దరిదీ సగం సగం."

మగ్గం చప్పుడు ఆగింది. ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు. "మా పుట్టింటోళ్ల రక్తమంటవా? మా తమ్ముని బిడ్డను చూడు, ఇనుప గుండు లెక్క ఉంటది." ఆ పిల్ల ఇంకా దగ్గర పెద్దమ్మా, మీ అమ్మకు సొంత మనవరాలు అన్నాను. నా గొంతు లేచింది. ఇక పని ముగించుకుని పోదామని ఫారంలో మిగిలిన చివరి ప్రశ్న ఈశ్వరమ్మకు విసుగ్గా చదివాను. "మీకు పుట్టి పోయిన పిల్లలున్నారా?"

ఆమె మగ్గం దిక్కు చూసింది, కొడుకు వింటున్నాడా అని. వింటున్నాడు.

"ఉండిరి. వీనికంటే ముందుగాల ఇద్దరు."

"ఎట్లా పోయారు?"

"మెడ నిలుపలే." కాగితం మీది గీతలు చూస్తూ మళ్లీ అంది, "మా అత్త గూడ నా రక్తం మంచిది కాదనే అన్నది. వీడు పుట్టి బతికినంక ఊకున్నది."

"పెళ్లికి ముందు మీ ఆయన మీకు ఏమయ్యేవాడు?"

"ఆయన గూడ సుట్టమే."

నర్సింహులు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. "నాకెన్నడు చెప్పకపోతివేమే అమ్మా?" అన్నాడు. మాణెమ్మ మెల్లగా అడిగింది, "ఆడపిల్లలా, మొగపిల్లలా అత్తా?"

"ఒక ఆడపిల్ల, ఒక పిలగాడు. ఆడపిల్లకు పేరు గూడ పెట్టలే."

ఈశ్వరమ్మ వృత్తం కింద ఇంకో చతురస్రం, ఇంకో వృత్తం గీసి రెండింటి మీదా కొట్టివేత పెట్టాను.

తమ్ముని బిడ్డ సంబంధం వద్దని నర్సింహులు ఆ రోజే తేల్చి చెప్పేశాడు. భార్యాభర్తలను హైదరాబాద్‌లో ఇట్లాంటి జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి పంపమని మేడంను బతిమాలాను, పంపింది. తర్వాత వాళ్లకేమైందో చెప్పే హక్కు నాకు లేదు. ఫారంలో ఆ ప్రశ్నను కొట్టేయించి, "మీ అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరు, ఆమె తోబుట్టువులెవరు" అని రాయించాను. దానికి జవాబు మగవాళ్ల దగ్గర దొరికేది కాదు, ఆడవాళ్లే చెప్పేవారు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే అని అందరికీ చెబుతుంటాను, కానీ పూర్తిగా నిజం కాదు. పుట్టి పోయిన పిల్లల ప్రశ్న మొదటి రోజు ఫారంలోనూ ఉంది, రక్తమిచ్చిన వాళ్ల తల్లులనూ అడగాలని ఉంది. ఆనాడు మాణెమ్మ ముందే ఈశ్వరమ్మను అది అడగాల్సింది. ముసలామెను ఏమడుగుతాంలే, ఆమె కొడుకు నిక్షేపంగా ఎదురుగా కూర్చుని నేస్తూనే ఉన్నాడు కదా అని, నేనే "లేరు" అని టిక్కు పెట్టాను.