మీ వాళ్ళల్లో పోయినవాళ్ళకి ఏం చేస్తారమ్మా?

జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడమనిషి చుట్టూ టేపు పెట్టి, "మీ వాళ్ళల్లో పోయినవాళ్ళకి ఏం చేస్తారమ్మా?" అని అడిగే టైలరు ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొందరు బెదిరిపోతారు. పెళ్ళి జాకెట్టు తెచ్చిన ఒకావిడైతే, "శుభమా అని వస్తే ఇదేం అడగడం అక్కా!" అని గుడ్డ సంచిలో కుక్కుకుని మరీ వెళ్ళిపోయింది. పోతే పోనీ. చాలామంది మాత్రం కూర్చుంటారు. టీ పెట్టేదాకా చెబుతారు, తాగాక కూడా చెబుతారు. చావు గురించి ఎవరైనా అడిగితే బాగుండునని మనుషులు ఎదురుచూస్తుంటారని నాకు ఈ మధ్యే తెలిసింది.

మేం బౌద్ధులం. పుట్టుకతో కాదు. నేను పుట్టింది కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభ కట్టే ఇంట్లో. మా ఆయన మిరప వేసే రైతు, వాళ్ళింట్లో పూజలకి లోటు లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అమరావతి తీసుకెళ్తానన్నాడు. గుడికే కదా అని పట్టుచీర కట్టి, తలలో మూర కనకాంబరాలు పెట్టుకుని బయల్దేరాను. ఈ మనిషి గుడి దాటించి, ఎండలో నడిపించి, గడ్డి మొలిచిన ఒక దిబ్బ దగ్గర నిలబెట్టాడు.

"ఇదేంటయ్యా?"

"స్తూపం."

"దేవుడేడీ?"

"లేడు," అన్నాడు, అదేదో పెద్ద శుభవార్తయినట్టు.

ఆ రోజు నాకొచ్చిన కోపానికి మూడు రోజులు కూరలో ఉప్పు వేయలేదు. ఆయన మాత్రం మారలేదు. పుస్తకాలు తెచ్చుకునేవాడు. టౌన్లో రిటైరైన లెక్చరరుగారి మేడ మీద ప్రతి పున్నమికీ నలుగురు చేరి కూర్చుంటారంటే అక్కడికి వెళ్ళేవాడు, పోను పోను నన్నూ తీసుకెళ్ళేవాడు. బుద్ధుడు ఎవరో నాకేం తెలుసు? నాకు ఈయన తెలుసు. ఈయన నడిచే దారి కదా అని శరణం చెప్పాను. తర్వాత నిజంగానే నచ్చింది. మొక్కు తీర్చలేదని భయపడక్కర్లేదు, ఎవరికో కోపం వచ్చిందని వణకక్కర్లేదు. కళ్ళు మూసుకుని కూర్చుంటే పక్కన ఆయన ఊపిరి వినపడేది. అది చాలా బాగుండేది.

రెండేళ్ళ క్రితం, మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, కాస్త నడుం వాలుస్తానని లోపలి గదిలో పడుకున్నాడు. నేను ముందు గదిలో మిషను కుడుతున్నాను. టీ వేళకి లేపబోతే లేవలేదు. అంతే. పోతూ పోతూ ఒక మాట చెప్పలేదు, ఒకటి అడగలేదు. కాలో చెయ్యో నొక్కమన్నా నొక్కేదాన్ని కదా!

ఆయన ఎప్పుడో చెప్పిపెట్టాడు, నాకు కర్మలూ గిర్మలూ వద్దని. లెక్చరరుగారు వచ్చి సూత్రాలు చదివారు. బూడిద అమరావతి దగ్గర కృష్ణలో కలిపాం. "అన్నీ అనిత్యమేనమ్మా, దేన్నీ పట్టుకోకూడదు," అన్నారు లెక్చరరుగారు మెల్లగా. సరేనన్నాను. పట్టుకోకూడదు, నిజమే. మరి పొద్దున లేస్తే రెండు గ్లాసుల టీ పోసే ఈ చేతుల్ని ఏం చేసుకోను? అది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను.

మా ఆయన అక్క, మా పెద్దాడపడుచు, ఆ రోజు గుమ్మం ముందు కూలబడి గుండెలు బాదుకుంది. "నా తమ్ముడికి ఒక్క ముద్దన్నా పెట్టనివ్వలేదు కదే! ఆకలితో తిరుగుతాడే వాడు!" అని నన్ను నానా మాటలూ అంది. నాకు కోపం రాలేదు. అసూయ వచ్చింది. ఆవిడకి ఏం చేయాలో తెలుసు. చేయనివ్వలేదని ఏడుస్తోంది. నాకు ఏం చేయాలో కూడా తెలియదు. ఆ తర్వాత ఆవిడ మా గడప తొక్కలేదు.

అప్పటి నుంచి పట్టుకుంది నాకు ఈ పిచ్చి, అందరినీ అడగడం. మా అమ్మాయి మంగళగిరిలో ఉద్యోగం, ఫోన్లో నవ్వుతుంది. "పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టుంది అమ్మా నీ వరస." నవ్వనీ. మన కుండలో కూర లేనప్పుడు పొరుగింటి వైపు చూడక ఏం చేస్తాం?

మా పక్కింటామె క్రిస్టియను. నాకంటే చిన్నది, అక్కా అంటుంది. వాళ్ళాయన చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళు తోలే లారీ డ్రైవరు, బండి మీదే పోయాడు. నిరుడు సమాధుల పండుగకి, "సున్నం కొట్టాలి, ఓ చెయ్యి వెయ్యి అక్కా," అని నన్ను తీసుకెళ్ళింది. ఊరి బయట, పత్తిచేలు దాటాక వాళ్ళ సమాధుల దొడ్డి. ఊరంతా అక్కడే ఉంది. ఒకళ్ళు గడ్డి పీకుతున్నారు, ఒకళ్ళు బంతిపూలు గుచ్చుతున్నారు, పిల్లలు కొవ్వొత్తుల కోసం కొట్టుకుంటున్నారు. నేను సున్నం బకెట్టు పట్టుకుని నిలబడితే, ఈమె సిలువ పక్కన చతికిలబడి మొదలుపెట్టింది.

"హాయిగా పడుకున్నావులే నువ్వు! గేటు గడియ ఊడింది, ఎవడేస్తాడు? నీ కూతురు ఫోను కింద పెట్టదు, ఏమన్నా అంటే నీలాగే మూతి తిప్పుద్ది. మీ అమ్మ చూస్తే రోజూ కందిపచ్చడి కావాలంటది, నేనెక్కడ చచ్చేది?"

తిడుతూనే సమాధి మీద చెయ్యి వేసి నిమురుతోంది. చేతికి తడి సున్నం అంటుతున్నా తియ్యలేదు. చూస్తున్న నాకు కళ్ళు మండాయి. మొగుణ్ణి తిట్టుకోవడానికి దీనికొక చోటుంది. నేనెక్కడికి పోను? కృష్ణ ఒడ్డుకి పోదామన్నా, ఆ నీళ్ళు ఏనాడో సముద్రం చేరాయి.

"వింటాడంటావా?" అనడిగాను.

"ఏమో అక్కా. బతికున్నప్పుడు మాత్రం విన్నాడా?" అని ముక్కు చీదుకుని నవ్వింది. "పైకెళ్ళాక ఎటూ కలుస్తాంగా. అప్పుడు తేలుస్తా ఆయన సంగతి."

ఎంత ధీమాగా అందో! పక్క ఊరి బస్సెక్కి వెళ్ళినంత తేలిగ్గా అంది.

ఆ వచ్చే పున్నమికి లెక్చరరుగారిని పట్టుకున్నాను. "మనం మళ్ళీ కలుస్తామాండీ?" ఆయన మంచివారు, విసుక్కోరు. ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించినట్టమ్మా, అన్నారు. అదే దీపమా, వేరే దీపమా అన్నాను. అదీ కాదు, వేరేదీ కాదు అన్నారు. అది గొప్ప మాటే, నాకు తెలుసు. మా ఆయనైతే దాని మీద రాత్రంతా మాట్లాడేవాడు. కానీ నేనడిగింది దీపాల గురించి కాదండీ, బనీను తిరగేసి తొడుక్కుని ఊరంతా తిరిగొచ్చే ఒక మనిషి గురించి.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక ముస్లిం పెద్దావిడ ఉంది. ఆవిడనీ అడిగాను. మగవాళ్ళు గోరీల దగ్గరికి వెళ్తారట, ఆడవాళ్ళు ఇంట్లోనే హల్వా చేసి, పోయినవాళ్ళ పేరు చెప్పి ఫాతిహా చదువుతారట. "పేరు చెప్పి చదివితే చాలమ్మా, చేరుద్ది," అంది, చేరినట్టు ఆవిడకి ఉత్తరం వచ్చినంత నమ్మకంగా. పండగనాడు నాకూ గిన్నెడు హల్వా పంపింది. గిన్నె ముందు పెట్టుకుని ఆయన పేరు చెబుదామని కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఏమయ్యా అనేదాన్ని, ఇదిగో అనేదాన్ని. నోరు తిరగలేదు. సిగ్గేసింది కూడా, నా మొహం! హల్వా తినేసి గిన్నె కడిగిచ్చాను.

ఈ ఏడు మా పెద్దాడపడుచు మొగుడు పోయాడు. మాటల్లేకపోయినా చావుకి వెళ్ళకుండా ఎలా ఉంటాం? పెద్దకర్మకీ వెళ్ళాను. కాలవ గట్టు మీద విస్తరి వేసి, ఆయనకిష్టమైన నాటుకోడీ గారెలూ వడ్డించి, పక్కన సీసాలో మందు కూడా పెట్టి, అందరం దూరంగా జరిగాం. కాకి వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఇంకా ఏదో కోరిక మిగిలిందని. తుమ్మచెట్టు మీద కాకులు బోలెడున్నాయి, ఒక్కటీ దిగదు. పెద్దకొడుకు వెళ్ళి దణ్ణం పెట్టి, అమ్మని నేను చూసుకుంటాలే నాన్నా అన్నాడు. దిగలేదు. పోయినాయన తమ్ముడు వెళ్ళి పొలం గట్టు తగాదా వదిలేస్తున్నానన్నాడు. ఊహూ. అందరి మొహాలూ పాలిపోయాయి.

అప్పుడు మా ఆడపడుచు లేచి, కొంగు నడుముకి దోపుకుని, విస్తరి దగ్గరికి నడిచింది. "గేదెను అమ్మనులేవయ్యా," అంది గట్టిగా. "నేనున్నంతకాలం అది మన కొట్టంలోనే ఉంటది. తిను."

కాకి దిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ వెంటనే అందరూ ఏడ్చారు. నేను కాకిని చూడలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాను. మొగుడి మనసులో మాట ఇంకెవరికీ అందలేదు, తనకి అందింది. ఆయనకి చివరిగా ఒక పని చేసిపెట్టింది. ఏడుస్తూనే ఉంది, కానీ ఆ మొహంలో ఒక వెలుగుంది. అలాంటిదొకటి నాకూ కావాలనిపించింది. బౌద్ధమో, కాదో, ఎవరేమనుకుంటారో, అదంతా తర్వాత. నాకు కావాలి.

ఆవిడ దగ్గరికే వెళ్ళి అడిగాను. "వదినా, మీ తమ్ముడికి పెట్టాలి. ఎలా పెట్టాలో చెప్పవా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది. "ఆదివారం వస్తాలే," అంది.

ఆదివారం వరకూ నాకు ఒకటే ఆలోచన. ఆయనకి ఏం మిగిలి ఉంటుంది? గయ, ఖాయంగా గయే. ప్రతి ఏడూ మిరపకాయలు అమ్మాక బుద్ధగయ పోదామనేవాడు. ఒక ఏడు రేటు లేదు, ఒక ఏడు తామరపురుగు తినేసింది, ఒక ఏడు అమ్మాయి పెళ్ళి. అది కాకపోతే ఎండు మెత్తళ్ళు. బౌద్ధంలోకి వచ్చాక చేపలు మానేశాడు గానీ, పక్కింట్లో మెత్తళ్ళు వేగుతుంటే కిటికీ మాత్రం మూయనిచ్చేవాడు కాదు. అదీ కాకపోతే అక్కతో నేను మాట కలపాలని. అదీ కాకపోతే... ఇక చివరిది నేనే. నేనొక్కదాన్నే ఎలా ఉంటానోనని బెంగ ఉండదూ? ఒక్కొక్కటీ వరసగా అనుకున్నాను. గయ వెళ్ళొస్తాను, అక్కని చూసుకుంటాను, అవి చెప్పాక కూడా కాకి దిగకపోతే, అప్పుడు చెబుతాను, నేను బాగానే ఉంటానులేవయ్యా అని. అబద్ధమే. అయినా చెబుతాను. ఆ మాట దగ్గర తప్పకుండా దిగుతుందని నా నమ్మకం. జాకెట్లు కుడుతూ, కూర తరుగుతూ ఆ మాటే నేర్చుకున్నాను, బళ్ళో పద్యం నేర్చుకున్నట్టు. చాలా రోజుల తర్వాత ఆ వారం నేను సంతోషంగా ఉన్నాను. ఆయనతో మాట్లాడబోతున్నాను కదా.

ఆదివారం పొద్దున్నే మెత్తళ్ళు వేయించాను. ముద్దపప్పు, గోంగూర, మీగడ పెరుగు. మా ఇంటి మేడ మీద పిట్టగోడ పక్కన విస్తరి పరిచి వడ్డించాం. మా ఆడపడుచు నీళ్ళు చిలకరించి, తమ్ముణ్ణి తలుచుకుని, "పద, జరుగుదాం," అంది. మెట్ల దాకా వెనక్కి వచ్చాం. నేను చేతులు జోడించాను. గొంతు సవరించుకున్నాను. ముందు గయ.

నోరు తెరవలేదు ఇంకా. రెక్కల చప్పుడైంది. ఒక కాకి తిన్నగా వచ్చి విస్తరిలో వాలింది. అటూ ఇటూ చూడనైనా లేదు. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక మరో రెండు. మెత్తళ్ళు, పప్పు, గోంగూర, అన్నీ కలబెట్టి తినేస్తున్నాయి.

మా ఆడపడుచు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆవిడ కళ్ళ వెంట ధారగా నీళ్ళు. "చూశావా? చూశావా నా తమ్ముణ్ణి! పిలవకముందే వచ్చాడు. ఏ కోరికా లేదే వాడికి. ఒక్కటంటే ఒక్కటి మిగల్చుకోకుండా మహారాజులా వెళ్ళాడు!"

లెక్చరరుగారికి చెబితే ఆయనా సంతోషిస్తారు. తృష్ణ లేకుండా పోవడం కంటే మనిషికి కావలసిందేముందమ్మా అంటారు. పున్నమి పున్నమికీ మేమంతా కళ్ళు మూసుకుని కూర్చునేది దాని కోసమే. మా ఆయన కోరుకున్నదీ అదే. ఆవిడ మతమూ నా మతమూ ఆ పూట ఒకే మాట మీదికి వచ్చాయి. నేనే రాలేకపోయాను. గయ వద్దా? సరే. అక్క సంగతి వద్దా? సరే. నేను కూడానా?

మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. పోయిన రోజున కూడా అంత ఏడవలేదు నేను. మా ఆడపడుచు కంగారుపడి పక్కన కూర్చుని నా తల తన ఒళ్ళోకి లాక్కుంది.

"పిచ్చిదానా, మంచి జరిగితే ఏడుస్తావేంటే? ఇంకేం కావాలి నీకు?"

"నేనింకా ఏమీ చెప్పలేదు వదినా," అన్నాను.