వచ్చినందుకు సెలవు చీటి

నిన్న ఆదివారం మా ఊరు మోర్తాడ్ల మా అవ్వతోని కూసొని పొద్దంత పసుపు కొమ్ములు ఇరిసిన. వేళ్ల గీతలు అరిగినట్టున్నయి, ఇయ్యాల యూనివర్సిటీల హాజరు మిషన్ నా వేలు గుర్తు పట్టలే. రెండు క్లాసులు చెప్పొచ్చినంక మా హెచ్.ఓ.డి. సారు పిలిచిండు.

"మేడమ్, మిషన్ల మీరు రాలేదని ఉన్నది. ఒక సెలవు చీటి రాసియ్యుండ్రి."

"మీ ముందటనే ఉన్న గద సార్."

"నేను నమ్ముత మేడమ్. మిషన్ నమ్మాలె గద."

నేను కొట్లాడలే. మంచిగ చీటి రాసిచ్చి, బ్యాగు భుజానికేసుకున్న.

"ఎటు వోతున్నరు? మూడింటికి మీకు పరీక్ష హాల్ల డ్యూటీ ఉన్నది."

"సెలవుల ఉన్నోళ్లకు డ్యూటీ ఏంది సార్?"

సారు చీటి దిక్కు చూసిండు, గోడ గడియారం దిక్కు చూసిండు. ఆ డ్యూటీకి ఇంకెవ్వరు లేరు. చీటి చింపి, రుమాలు తడుపుకొచ్చి, నా వేలు తుడిపిచ్చి మిషన్ మీద ఆరుసార్లు పెట్టిపిచ్చిండు. అయినా పట్టలే. ఆఖరికి రిజిస్టర్ల తన చేతితోనే నేను వచ్చిన్నని రాసిండు.

రెండు క్లాసులు చెప్తె కనవడనిదాన్ని, ఇంటికి వోతా అంటె ఎంత సక్కగ కనవడ్డనో. మీ దగ్గర గూడ గిట్లనేనా?