చిన్నత్త క్వార్టర్‌బ్యాక్... కేక మాత్రం నా పేరు

మా చిన్నప్పుడు... సాయంత్రం చిన్నత్త బస్సు దిగి కళ్ళంలోకి వచ్చేసరికి, నేను రాలిన కొబ్బరి పిందెలు ఏరి కుప్ప పోసి సిద్ధంగా ఉండేదాన్ని. పుస్తకాల సంచి గోడ పక్కన పడేసి, చున్నీ నడుముకి బిగించి, "చిట్టీ!" అని కేకేసేది... మరుక్షణం పిందె నా చేతుల్లో ఉండేది.

చిట్టి అంటే నేనే. అప్పుడు నాకు పదేళ్ళు. పొల్లాచ్చి పక్కన, ఎండుకొబ్బరి ఆరబెట్టే కళ్ళంలో మా తాత మేస్త్రీ. ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం... చిన్నత్త మా నాన్నకి చెల్లెలు. రోజూ బస్సులో పీలమేడు వెళ్ళి, అక్కడొక చిన్న ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ చదివేది.

ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, ఆమె చేరిన ఏడే ఆ కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ టీము పెట్టారు. పేరుకే ఫుట్‌బాల్, ఆడేది చేత్తో... నడుముకి రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళ రిబ్బను లాగేస్తే ఆట అక్కడితో ఆగుతుంది. బంతి అందుకుని, ఎవరికి విసరాలో క్షణంలో తేల్చుకుని విసిరే మనిషే క్వార్టర్‌బ్యాక్. కోలగా ఉండే ఆ బంతిని చిన్నత్త మొదటిరోజే మైదానం ఆ చివరికి విసిరిందట... కోచ్ మేడమ్ ఇంకెవరి వంకా చూడలేదు. ఎందుకు చూస్తుంది? లారీ మీదికి కాయలు ఎగరేసేవాళ్ళ మధ్య పెరిగిన చెయ్యి అది!

చిక్కంతా నోటితో వచ్చింది.

కళ్ళంలో ఒక కట్టుబాటు ఉంది... పట్టేవాళ్ళని పేరు పెట్టి పిలవకుండా కాయ విసరకూడదు. ఒకప్పుడు ఎవరో అలా విసిరితే లారీ మీదున్న మనిషి నుదురు చిట్లిందట. చిన్నత్త మైదానంలోనూ అదే చేసింది. "అమలా!" అని తన టీము పిల్లని పిలవగానే అవతలి టీమంతా వెళ్ళి ఆ అమల మీద పడేది. మొదటి రెండు ఆటలూ అలాగే పోయాయి. ఇంకోసారి నోరు తెరిస్తే నీ చోటు వేరే అమ్మాయికి ఇచ్చేస్తానని కోచ్ మేడమ్ తెగేసి చెప్పింది.

ఆ వారమంతా చిన్నత్త పళ్ళ మధ్య కొబ్బరి ముక్క కరిచిపెట్టుకుని సాధన చేసింది. అబ్బే... నోరు మూస్తే చెయ్యి తిరిగేది కాదు. పిందెలు నా దాకా రాకుండానే కింద పడేవి. చివరికి ఆ ముక్క నమిలి మింగేసి, గోనె సంచుల మీద కూర్చుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

తాత వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమికి పిలవకూడదంటా ఆ టీచరమ్మ? పట్టేదానికి తెలియొద్దా?"

"పట్టేదానికి తెలిస్తే అందురికీ తెలుస్తాది గదా నాయనా!" అంది చిన్నత్త ముక్కు తుడుచుకుంటూ.

"సరే, శనివారం నేనూ వస్తా. చిట్టిని గూడా పిల్చుకోని వస్తా. ఆడు, చూస్తాము" అన్నాడు తాత.

శనివారం ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. చిన్నత్త నోరు మూసుకునే ఆడింది... బంతులు అటొకటి, ఇటొకటి పడ్డాయి. చివరికొచ్చేసరికి నాలుగు పాయింట్లు వెనక. ఒక్కసారి బంతి పట్టుకుని ఆ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, గెలుపే, కానీ మిగిలింది ఒక్క అవకాశం. మైదానం పక్కన కోచ్ మేడమ్ వేరే అమ్మాయిని లేపి నిలబెట్టింది. ఆ ఒక్కటీ పోతే చిన్నత్తని ఇక ఆడనివ్వరని నాకూ తెలుసు.

బంతి చిన్నత్త చేతికొచ్చింది. ఇద్దరు మీదికి ఉరుకుతున్నారు. అప్పుడు, ఇక ఆపుకోలేకనేమో, మైదానం అదిరేలా అరిచింది... "చిట్టీ!"

నేను లేచి నిలబడి రెండు చేతులూ చాచేశాను! అలవాటు అలాంటిది మరి. అవతలి టీములో ఒక్కొక్కరూ చిట్టి ఎవరా అని అటూ ఇటూ చూశారు. ఒకమ్మాయైతే ఏకంగా నన్నే చూసింది. ఈలోగా అమల మూలకి పరిగెత్తింది... బంతి వెళ్ళి ఆమె గుండెల మీద వాలింది. ఎదురుగా ఎవరూ లేరు, ఆ చివరి గీత దాటేసింది.

"పిలిచే విసిరింది సూడు!" అని తాత నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నొప్పి పుట్టినా నవ్వాను. తర్వాత కోచ్ మేడమ్ ఆ చిట్టి ఎవరని తమిళంలో అడిగితే, చిన్నత్త మెట్ల మీదికి వేలు చూపించింది.

ఆ తర్వాత మూడేళ్ళు ఆమే క్వార్టర్‌బ్యాక్. ప్రతి బంతికీ నా పేరే. ఎవరికి వెళ్తుందో ఆ కేకని బట్టి ఎవరికీ తెలిసేది కాదు. గెలిచినవి ఎక్కువ, ఓడినవి తక్కువ... నేను గొప్పలు చెప్పడం లేదు, అమలని అడిగినా అదే చెబుతుంది. కాలేజీ అయిపోయింది, ఆటా అయిపోయింది. కాలేజీ దాటిన ఆడపిల్లకి ఆడటానికి టీము ఎక్కడుంది?

ఇప్పుడు కళ్ళంలో లారీలోకి కాయలు బెల్టు మీద ఎక్కిపోతున్నాయి. ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. చిన్నత్త పోదనూరులో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. బడిలో మిస్సు, అత్తింట్లో వదిన, మాకు అత్త...

మొన్న ఉన్నట్టుండి ఒకటి తట్టి మనసంతా అదోలా అయిపోయింది. మూడేళ్ళు ఆ మైదానంలో మోగింది నా పేరు. ఆడింది ఆమె. ఆమె పేరు ఎవరూ అరవనేలేదు.

మీ ఇంట్లోనూ ఒకప్పుడు గట్టిగా ఆడిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు... కింద రాయండి. అత్త, పిన్ని, అక్క అని కాదు, పేరు రాయండి.

మా చిన్నత్త పేరు వసంత.