కుమ్మరి కనకయ్య కాలి మీది సింహం

కోరుట్లలో ఎవరి ఒంటి మీద సర్పి పొక్కులు లేచినా కుమ్మరి కనకయ్య ముందు కూర్చోవలసిందే. ఎర్ర జాజు రాయి అరగదీసి, పొక్కుల మీద సింహం బొమ్మ వేసేవాడు. దాన్ని చూసి సర్పి జగిత్యాల దాకా పరుగెత్తేదని ఆయన చెప్పేవాడు. మేం దాన్ని కరీంనగర్ దాకా ఉరికించేవాళ్లం.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిన రోజుల్లో, మట్టి తొక్కుతుంటే ఆయన మడమలో పెంకు దిగింది. మూడో రోజుకు పిక్క ఎర్రగా, నున్నగా, గుమ్మడికాయంత ఉబ్బింది. ముట్టుకుంటే చెయ్యి కాలేది. పైగా చలిజ్వరం. "నాకే సర్పి లేచింది" అని కనకయ్య నవ్వి, జాజు గిన్నె తెమ్మన్నాడు.

పక్కింటి నస్రీన్ క్లినిక్‌లో నర్సు. వచ్చి చూసింది.

"కాకా, సర్పికి నీటిపొక్కులు గుత్తులుగ లేస్తయి. నీకు ఒక్క పొక్కన్న ఉన్నదా? పెంకు దిగిన కాడికెల్లి ఎరుపు పైకి ఎక్కుతున్నది. ఇది ఇన్ఫెక్షన్. నీకు షుగరు గూడ ఉన్నది. ఇయ్యాల్నే డాక్టర్‌కు చూపియ్యి. ఆయన రాసిన గోలీలు నడుమల బంద్ చెయ్యకుంట మింగు, కాలు ఎత్తున పెట్టుకో."

ఎరుపు చుట్టూ నీలం పెన్నుతో గీత గీసింది. "గీ గీత దాటిందంటె ఆగద్దు. జగిత్యాల దవాఖానకు పోవాలె."

"నా సింహం ముందట నీ గీత ఎంత, బిడ్డా?"

ఆమె గడప దాటగానే ఆ గీత మీదే జాజు పూశాడు. ఇక ఎరుపేదో జాజేదో దేవుడికి కూడా తెలియదు. నొప్పి పైకి పోయినకొద్దీ సింహాన్నీ పెంచాడు. మూడు రోజుల్లో తల మడమ మీద, నడుము మోకాలి మీద, తోక తొడ మీద. జనం చూడ్డానికి వచ్చారు. "మస్తుగున్నది కనకన్నా, మీసాలు ఇంకింత పెద్దగ పెట్టు" అన్నది నేనే.

నాలుగో నాడు వాసనకు ఆయన భార్య సమ్మవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నస్రీన్‌ను పిలిచింది. నస్రీన్ తడిగుడ్డతో మోకాలి దాకా తుడిచింది. నీలం గీత ఎక్కడో కిందే ఉండిపోయింది. పిక్క నల్లబడింది. కనకయ్య మతిలేకుండా, సింహానికి నీళ్లు పెట్టమంటున్నాడు.

ఆటోలో జగిత్యాల బయలుదేరితే దారిలో వంటావార్పు. నడిరోడ్డు మీద అన్నం ఉడుకుతోంది. ఉద్యమం పిల్లలు కాలు చూసి పొయ్యిలు జరిపి దారిచ్చారు. ఒకడు మాత్రం "ఆటో ఎందుకే తాతా, సింహమెక్కి పోరాదు?" అన్నాడు.

అక్కడ కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఎంత కడిగినా తొడ మీది తోక మరక వారం దాకా పోలేదు.

ఇప్పుడు మట్టి తొక్కేది సమ్మవ్వే. మొన్న ఒకాయన ఎర్రబడ్డ పిక్క చూపిస్తే కనకయ్య చెయ్యి అలవాటుగా జాజు గిన్నె మీదికి పోయింది. సమ్మవ్వ తొక్కడం ఆపకుండానే అంది:

"నస్రీన్ కాడికి పో, కొడుకా. మా సింహం ఆయన కాలు తిని ఎల్లిపోయింది. తోక ఒక్కటే మిగిలింది."