కార్డు మీద వెయ్యని సగం

తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. రామచంద్రపురం దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, తన మాట ఎదుటివాళ్ళకు అర్థం కావడం లేదని తెలిశాక మాట్లాడటమే మానేశారు. ఏం కావాలన్నా ఎడమ చేత్తో చూపించేవారు.

ఆ జనవరి ఒకటిన మా లూథరన్ చర్చిలో ఉదయం ఆరాధన అయ్యాక, ఏటా చేసినట్టే, స్టీలు పళ్ళెంలో, ఒక్కో బైబిలు వాక్యం అచ్చేసిన వాగ్దానపు కార్డులు బోర్లించి పెట్టారు. ఇంటికొకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికిచ్చిన మాట అదేనని నమ్మకం. అమ్మ తీసిన కార్డు మీద, ఆరోగ్యం త్వరలోనే తిరిగి వస్తుందన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అది చదివి, స్తోత్రం చెప్పి, అమ్మ చేతులు పట్టుకున్నారు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను బైబిలు తియ్యమంది.

"ఇందులో సగమే వేశారే. దీనికి ముందు ఏముందో చదువు."

చదివాను. ఆకలితో ఉన్నవాడికి నీ అన్నంలో భాగం పెట్టు, దిక్కులేనివాళ్ళను ఇంటికి తెచ్చుకో, నీ రక్తసంబంధికి ముఖం చాటెయ్యకు, అప్పుడు ఈ మేలు నీకు కలుగుతుందని ఆ మాటల సారాంశం.

"ఇంకోసారి చదువు," అంది. రెండోసారి విన్నాక చేటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టింది.

ఆ రక్తసంబంధి ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నగారి అక్క, నాకు మేనత్త. భర్త పోయి, పిల్లలు లేక, కాకినాడలో ఒక అద్దెగదిలో ఉండేది. అప్పటికి ఆరేళ్ళ క్రితం నాన్నమ్మ పోయినప్పుడు, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, వచ్చినవాళ్ళందరి ముందూ అమ్మను చూపించి, "మా అమ్మను కూడు పెట్టకుండా చంపింది ఇదే," అంది. మూడేళ్ళు మంచంలో ఉన్న నాన్నమ్మకు అన్నీ చేసింది అమ్మే. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. అత్తకు కళ్ళకు శుక్లాలొచ్చాయని, వంట కూడా తడుముకుంటూ చేసుకుంటోందని ఎవరో చెప్పగా విన్నాం.

రెండు వారాలు అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత మా పాస్టరు అయ్యగారు నాన్నగారి కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చినప్పుడు అడిగింది.

"అయ్యగారూ, పై మాట చెయ్యకుండా కింది మాట అడగొచ్చంటారా అండి?"

"అందరం అడుగుతూనే ఉన్నాం కదమ్మా," అన్నారాయన. నవ్వలేదు.

ఆ శనివారం అమ్మ, నేను కాకినాడ బస్సెక్కాం. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. మేం దగ్గరికి వెళ్ళినా పోల్చుకోలేదు.

"ఎవరూ?"

"నేనండి, వదినగారూ."

గొంతు గుర్తుపట్టింది. "తమ్ముడు పోయాడా?" అంది.

అందుకు తప్ప అమ్మ తన గుమ్మం తొక్కదని ఆవిడ అనుకుంది.

"లేదండి. ఉన్నారు. మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చాను."

"నేనన్న మాట మర్చిపోయావా?"

"లేదండి. మర్చిపొమ్మని రాసిలేదు. తీసుకురమ్మని రాసుంది."

"ఎక్కడ?"

"బైబిల్లో."

అత్త లోపలికి చెయ్యి చూపించింది. "స్టవ్వు మీద అన్నం ఉంది. మాడుతుందేమో చూడు," అంది. అమ్మ లోపలికి వెళ్ళి గిన్నె దించింది.

సాయంత్రానికి ట్రంకుపెట్టెతో అత్త మా ఇంటికొచ్చింది. మర్నాటి నుంచే పులుసులో చింతపండు చాల్లేదని వంకలు పెట్టింది. అమ్మ కూడా ఊరుకునేది కాదు. అత్త రోజంతా అరుగు మీద నాన్నగారి పక్కనే కూర్చుని, "ఎవర్రా ఆ వెళ్ళేది?" అని అడిగేది. చేత్తో చూపిస్తే ఆవిడకు కనిపించదు, నోటితో చెప్పాల్సిందే. అర్థం కాకపోతే, "సరిగ్గా చెప్పి ఏడు," అని చిన్నప్పటిలాగే తిట్టేది. ఎండాకాలం వచ్చేసరికి నాన్నగారి మాట చాలావరకు తేటపడింది. కొందరికి అలా దానంతటదే వస్తుందన్నారు డాక్టరుగారు. చెయ్యి మాత్రం రాలేదు.

జరిగిన మేలు గురించి చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పమని అయ్యగారు అడిగితే అమ్మ ఒప్పుకోలేదు.

"పొద్దున్నే నాకూ వదినగారికీ గొడవైందండి. ఏమని చెప్పమంటారు?"

దేవుడు మాట నిలబెట్టుకున్నట్టా, లేనట్టా అని ఒకసారి నేనే అడిగాను.

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నాకు చెప్పింది నేను చేశాను," అంది.

రెండో ఏడు అత్తకు కంటి ఆపరేషన్ అయ్యి చూపు వచ్చింది. ఇక కాకినాడ వెళ్ళిపోతానంది. మీ ఇష్టం అంది అమ్మ. అత్త వారం రోజులు ట్రంకుపెట్టె సర్దింది. తర్వాత ఒక మధ్యాహ్నం చీరలన్నీ బయటికి తీసి, మళ్ళీ దండెం మీద వేసుకుంది.