ఎర్రగడ్డకు పోయిన కార్డు

దాచుకోవలసింది ఏమీ లేనివాడికి భయమెందుకు అని లోకం అడుగుతుంది. వినడానికి నీతివాక్యంలా ఉండటం వల్ల ఈ మాటను ఎవరూ గీచి చూడరు. తరచుగా దీన్ని పలికేవారి స్నానాలగదులకు లోపలి గడియ ఉంటుంది, ఫోన్లకు తాళం ఉంటుంది; అయినా తాము దాచుకునేది మర్యాద అనీ, ఎదుటివాడు దాచుకునేది తప్పు అనీ వారు నిశ్చింతగా నమ్ముతారు. తత్వవేత్తలు ఈ ప్రశ్న మీద చాలా కాగితం ఖర్చు చేశారు. పానగల్ మల్లీశ్వరికి అంత తీరిక లేదు. ఆమెకు ఇది ఒక మెట్రో కార్డు రూపంలో, ఒకే వారంలో ఎదురై తేలిపోయింది.

మల్లీశ్వరికి యాభై ఎనిమిదేళ్లు. ఊళ్లో భర్త నర్సింహకు నూట ఇరవై గొర్రెలున్నాయి. మూడేళ్ల కిందట, మనవరాలు వర్షితను బడి నుంచి తీసుకొచ్చే మనిషి కావాలని కొడుకు రఘుపతి తల్లిని హైదరాబాదులోని నాగోల్‌కు పిలిపించుకున్నాడు. తండ్రినీ పిలిచాడు. గొర్రెలకు సెలవు దొరికిననాడు వస్తానని ఆయన కబురు పెట్టాడు. రఘుపతిది మందుల కంపెనీలో నాణ్యత తనిఖీ ఉద్యోగం. ఏ సీసాలో ఏముందో, ఏ పెట్టె ఏ గంటకు ఎక్కడుందో రోజంతా రాసుకునే మనిషికి ఇల్లు చేరాక ఆ చేయి ఊరికే ఉండదు. కోడలు మంజులత బీమా కంపెనీలో పనిచేస్తుంది. వారంలో ఒక్క గురువారం ఇంట్లోనే కూర్చొని పని చేసుకుంటుంది. కనుక మల్లీశ్వరికి దొరికే సెలవు కూడా ఆ ఒక్క గురువారమే. ఆ రోజు సికింద్రాబాద్‌లో అమ్మవారి గుడికి పోయి వస్తానని ఆమె అడిగింది. బస్సుల్లో తొక్కిసలాట ఎందుకని, కొడుకు ముందే డబ్బు నింపిన మెట్రో కార్డు తెచ్చిచ్చాడు.

"గేటుకాడ ఆనిచ్చు, తెరుచుకుంటది. దిగినంక మళ్ల ఆనిచ్చు," అన్నాడు రఘుపతి.

"ఎక్కేటప్పుడు సరే. దిగేటప్పుడు ఎందుకురా?"

"ఎక్కడ దిగినవో తెల్వాలె గదా."

"ఎవరికి?"

"దానికే," అన్నాడు కొడుకు. తల్లిది మీటల ఫోను కాబట్టి కార్డు లెక్కలన్నీ తన ఫోనులోనే కనిపించేలా పెట్టుకున్నాడు.

గొర్రెల మధ్య బతికినవారికి ఇలాంటి సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. మందకు ముందు నడిచే పొట్టేలు మెడకు గంట కడతారు. కాపరి చెట్టు నీడన పడుకొని కూడా మంద ఎక్కడ మేస్తున్నదో వింటూ ఉంటాడు. అయితే పొట్టేళ్లలోనూ బుద్ధిమంతులుంటారు. నర్సింహ మందలో ఒకటి మెడ బిగబట్టి, గంట మోగనీయకుండా పక్కవాళ్ల జొన్నచేలోకి దిగేది. దాన్ని అమ్మెయ్యమని ఊరంతా చెప్పినా ఆయన ఆరేళ్లు అమ్మలేదు. తిట్టేవాడు గాని, ఆ తిట్టులో కొంత గౌరవం వినిపించేది.

మల్లీశ్వరి మెడ బిగబట్టవలసిన పని కూడా లేకపోయింది. ఆమె గుడికి పోయేది నిజమే. గుడి నుంచి పావుగంట నడిస్తే ఒక కల్లు కాంపౌండు ఉంది, అక్కడికి పోయేది అంతకంటే నిజం. కార్డుకు స్టేషను వరకే తెలుసు. దాని దృష్టిలో ఆమె నిఖార్సైన భక్తురాలు. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దుగూకే వేళకు మొగుడూ పెళ్లాలు వాకిట్లో కూర్చొని, వచ్చేపోయేవారిని పలకరిస్తూ ఈతకల్లు తాగేవారు. అందులో రహస్యమేమీ ఉండేది కాదు. నాగోల్‌కు వచ్చిన మొదటి నెలలోనే కొడుకు ఆమెను పక్కకు పిలిచి, ఇక్కడ కల్లు ముచ్చట తీయొద్దని బతిమాలాడు. శనివారం సాయంత్రాలు అతని స్నేహితులు వచ్చి బీరు తాగేవారు. దానికి అభ్యంతరం లేదు. బీరు చదువుకున్నది, కల్లు చదువుకోలేదు.

కాంపౌండులో మల్లీశ్వరి పక్కన కూర్చునేది బక్కమ్మ. మక్తల్ దగ్గర పుట్టి, రాయచూరు వైపు కాపురానికి పోయి, భర్త పోయాక మెట్టుగూడలో గది కిరాయికి తీసుకొని రెండిళ్లలో పని చేసుకుంటున్న మనిషి. మొదటి రోజే ఇద్దరికీ కుదిరింది.

"ఏం గుడాలు అక్కా గివ్వి, రాళ్లు ఉడకవెట్టి తెచ్చిండు," అన్నది బక్కమ్మ, ఆకులోని శనగలు నములుతూ.

"రాళ్లైతే ఉడుకుతుండె. నీ పండ్లు చూసుకో."

ఒక గురువారం మాత్రం బక్కమ్మ సీసా ముట్టలేదు. తమ్ముడు ఎల్లేష్‌కు ఊపిరితిత్తులు పాడై ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో ఉన్నాడు.

"బువ్వ తీస్కపోవాలె అక్కా. రెండిండ్ల నడుమ దొరికేది మూడు గంటలు. బస్సుల పోతే పోవుడు ఐతది, వచ్చుడు కాదు."

"మెట్రో ఎక్కు మరి."

"రోజు టికెట్ ఏడ కొంట? బస్సు నీకు ఊకనే, నాకు గాదు. నా ఆధార్ల రాయచూరున్నది. కండక్టర్ జూసి, అమ్మా నీది వేరే రాష్ట్రం, పైసలు తియ్యి అంటడు."

మల్లీశ్వరి రవిక లోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. గొర్రెలోళ్ల ఇళ్లలో అడిగితే నిచ్చెన ఇస్తారు, మోకు ఇస్తారు, అవసరమైతే మందకు పొట్టేలునే ఇచ్చి పంపుతారు. మూడు వేళ్ల వెడల్పు లేని అట్టముక్కను కాదనడం ఆ ఇంటి కోడలికి నోరు రాని పని. వస్తువుకు ఒక్క యజమాని మాత్రమే ఉంటాడనీ, దాన్ని మోసుకుపోయేవారి అడుగులన్నీ ఆ యజమాని పేరనే రాసి ఉంటాయనీ ఆమెకు అప్పుడు తట్టలేదు.

"శని, ఐతారం మా మరదలు వస్తది. మిగిలిన రోజులు నేను పోత. వచ్చే గురువారం ఇస్త," అన్నది బక్కమ్మ.

మల్లీశ్వరి ఆ సాయంత్రం బస్సులో ఇల్లు చేరింది. ఆధార్ చూపిస్తే కండక్టరు, రాష్ట్రంలోని ఆడవాళ్లకు పైసా తీసుకోకుండా ఇచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు.

మరుసటి మంగళవారం రఘుపతి కార్డులో డబ్బు నింపుదామని ఫోను తెరిచాడు. తల్లి శుక్రవారం మధ్యాహ్నం ఎర్రగడ్డకు పోయివచ్చింది. సోమవారం పోయివచ్చింది. ఆ రోజూ పోయివచ్చింది. ఎర్రగడ్డలో ఛాతీ దవాఖానా ఉంది, మతి చెదిరినవారి దవాఖానా ఉంది. ఆ పేరు చెవిన పడగానే ఏ తెలుగువాడికైనా రెండోదే గుర్తుకొస్తుంది. రఘుపతి ఇందుకు మినహాయింపు కాదు. మధ్యాహ్నాలు ఇంట్లో తల్లి ఒక్కతే ఉంటుంది. అన్నీ సరిపోయాయి. అతను మిద్దె మీదికి పోయి తండ్రికి ఫోన్ చేశాడు.

"బాపూ, అమ్మ ఎవ్వరికి చెప్పకుండ ఎర్రగడ్డకు పోతాంది."

"కాళ్లున్నయి, పోతది."

"ఎర్రగడ్డంటే పిచ్చి దవాఖాన బాపూ."

అటువైపు నర్సింహ గొర్రెలను ఒకసారి అదిలించాడు. ఆ తర్వాత అన్నాడు: "ముప్పయ్యారేండ్లు నాతోని ఉన్నది, అప్పుడు పోలే. మీ కాడ మూడేండ్లకే పోతాందా?"

ఆ ప్రశ్న రఘుపతికి గట్టిగానే తగిలింది. ఆ రాత్రి నుంచే ఇంట్లో వాతావరణం మారింది. మంజులత అత్తగారితో తగ్గు గొంతుతో మాట్లాడసాగింది. బుధవారం ఉదయం టీ మంచం దగ్గరికి వచ్చింది. కూరగాయలు తరిగే కత్తి మాత్రం వంటింట్లో కనిపించలేదు. "మీరు కూసోండి అత్తమ్మా, నేను చేస్త," అన్నది కోడలు. వర్షిత కూడా అవ్వను ఏదీ అడగకుండా తన జడ తానే వేసుకోబోయింది. తల్లి హెచ్చరించి ఉంటుంది. మల్లీశ్వరికి కారణం బోధపడలేదు గాని, సుఖానికి కారణం వెతికే అలవాటు ఆమెకు లేదు. మూడేళ్లలో మొదటిసారి పగలు రెండు గంటలు నిద్రపోయింది. ఆ సాయంత్రం రఘుపతి పెందలాడే వచ్చి, తల్లి పక్కన మంచం మీద కూర్చొని, ఆమె చేయి తన చేతిలోకి తీసుకునే వరకు ఆమెకు అనుమానం రాలేదు.

"రేపు పదకొండింటికి డాక్టర్ కాడ నంబర్ తీసుకున్న అమ్మా. మంచి డాక్టర్. మనసు బాగలేకుంటే సిగ్గుపడే ముచ్చట గాదు."

"రేపు గురువారం గదరా."

"గుడికి వచ్చే గురువారం పోదువు. ఇగ నుంచి మంజుల తోడొస్తది. నువ్వు ఒక్కదానివే ఎర్రగడ్డకు పోవుడు మంచిగ లేదు."

మల్లీశ్వరి లేచి కూర్చుంది. డాక్టరు మాటకు ఆమె అంతగా బెదరలేదు. తోడు అన్న మాటకు బెదిరింది. వారానికి ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నం. దానికి కోడలిని కాపలా పెడితే ఇక ఆమెకు మిగిలేది బడి గేటు, వంటిల్లు.

"నేను ఎర్రగడ్డకు పోలే," అన్నది.

"కార్డు చెప్తాంది అమ్మా."

"కార్డు పోయింది. నేను పోలే."

రఘుపతి భార్య వైపు చూశాడు. రోగనిర్ధారణకు ఇంతకంటే స్పష్టమైన వాక్యం దొరకదు.

"గట్ల చూస్తరేంది మీరిద్దరు? కార్డు బక్కమ్మకిచ్చిన. వాళ్ల తమ్ముడు ఛాతీ దవాఖానల ఉన్నడు."

"బక్కమ్మ ఎవరు? ఏడ కలిసింది?"

గుడికాడ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని గుడి పేరు చెప్పుకొన్నందుకే కదా గుడికి తోడు వస్తానంటున్నారు. ఇంకొక అబద్ధంతో కొడుకు నమ్మవచ్చు గాని గురువారం తిరిగి రాదు. చేయని ప్రయాణాన్ని తన పేర రాసి పెట్టిన ఆ కార్డే, చేసిన పనికి ఇన్ని నెలలుగా భక్తి అని ముద్ర వేసింది. అలాంటి సాక్షిని నమ్ముకొని ఎంతకాలం నెట్టుకొస్తుంది?

"కల్లు కాంపౌండ్ల," అన్నది మల్లీశ్వరి.

"నువ్వు ఆడేం చేస్తున్నవు?"

"కల్లు కాంపౌండ్ల పూలు అల్లుతర బిడ్డా? తాగుతున్న. ఒక్క సీసా. గురువారం గురువారం."

రఘుపతి ముఖంలో అప్పటిదాకా ఉన్న కరుణ ఒక్కసారిగా ఎగిరిపోయింది. తల్లికి మతి చెదిరిందంటే తట్టుకొని నిలబడిన మనిషి ఇప్పుడు గోడకు ఆనుకున్నాడు. జబ్బును పక్క ఫ్లాటువారికి చెప్పుకోవచ్చు. వారు అయ్యో అంటారు, పండ్లు తెస్తారు. కల్లును చెప్పుకోలేము.

"నలుగురు చూస్తే ఏమంటరు?"

"నలుగురు ఆడనే ఉంటరు. తాగుకుంట ఉంటరు."

మంజులతకు నవ్వు వచ్చింది. మొగుడి ముఖం చూసి దగ్గుగా మార్చింది. కొంతసేపటికి రఘుపతి తేరుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు, అలాగని పెద్దగా మెచ్చుకోవలసినవాడూ కాడు. చాలామంది కొడుకుల్లాగే తల్లి సుఖంగా ఉండాలనీ, అది తన కళ్లముందు జరగాలనీ కోరుకునేవాడు.

"అమ్మా, నీకు గంత మనసైతే నేనే మంచి కల్లు తెప్పిస్త. ఫ్రిజ్‌ల పెట్టుకొని తాగు. ఎవ్వరికి తెల్వది."

ఇది చిన్న ప్రలోభం కాదు. మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషికి మెట్లు లేవు, నడక లేదు, అబద్ధం లేదు. మల్లీశ్వరి నిజంగానే ఆలోచించింది.

"తాగుడు ఐతది. తాగినంక ఫ్రిజ్ తోని ఏం మాట్లాడుదు?" అన్నది.

"సరే, పో. కాని కార్డు తీస్కపో. నువ్వు ఏడున్నవో నాకు ఎరుక గావాలె. ఫికర్ ఉండదా?"

"ఉంటది. చిన్నప్పుడు నువ్వు ఆటకు పోతే నాకు గూడ ఉండె. పొద్దుగూకంగ వాకిట్ల నిలవడి పిలిచిన గని నీ ఎంటపడి రాలే. ఐదింటి వరకు వస్త. రాకుంటే అప్పుడు ఫికర్ పెట్టుకో."

రఘుపతి లేచి మిద్దె మీదికి పోయాడు. డాక్టరుకు ఫోన్ చేసి నంబరు వద్దని చెప్పాడు. కారణం అడిగితే, తగ్గిందన్నాడు.

మరునాడు మల్లీశ్వరి నాగోల్‌లో బస్సెక్కింది. ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. ఉప్పల్‌లో బస్సు మారి గంటన్నరకు సికింద్రాబాద్ చేరింది. మెట్రోలో అయితే అరగంట. బక్కమ్మ కార్డు తిరిగి ఇవ్వబోతే, ఎల్లేష్ ఇల్లు చేరేదాకా ఉంచుకొమ్మని చెప్పింది. కొడుకు అందులో డబ్బు నింపుతూనే ఉన్నాడు, ఆ కార్డు రోజూ ఎక్కడికి పోతున్నదో చూస్తూనే ఉన్నాడు. ఎల్లేష్ ఇల్లు చేరిన తర్వాత కూడా మల్లీశ్వరి కార్డు తీసుకోలేదు. గురువారాలు బస్సులోనే పోయింది. అమ్మవారిని చూడాలనిపించిన వారం గుడికి పోయింది, అనిపించని వారం పోలేదు. ఐదింటికి ఇల్లు చేరింది.